భాష కాదు, రాత్రి బస్సుతోనే జాగ్రత్త

“మొదటిసారి వియత్నాం వెళ్తున్నాను, భాష రాదు. సొంతంగా ఊళ్లు తిరగగలనా, గ్రూప్ టూర్ తీసుకోవాలా?” అని అడిగారు.

తిరగగలరు. భాష నాకూ రాదు. రాత్రి స్లీపర్ బస్సు మాత్రం ఎక్కకండి. “ఒక రాత్రి హోటల్ ఖర్చు మిగులుతుంది” అని వ్లాగర్లు జనాన్ని ఆ బస్సుల్లోకి తోస్తుంటారు. వాళ్లకి వీడియో మిగులుతుంది, మనకి నడుం నొప్పి.

హనోయ్ నుంచి హ్వే అనే ఊరికి నేనూ అలాగే వెళ్లాను. ఎక్కేటప్పుడు మెట్టు దగ్గరే బూట్లు విప్పించి ప్లాస్టిక్ సంచి చేతిలో పెడతారు. లోపల మూడు వరుసల్లో కిందా పైనా బెర్తులు. ముందువాడి తల కింద ఉండే పెట్టెలోకి మన కాళ్లు దూర్చాలి. నేను ఆరడుగులు. రాత్రంతా మోకాళ్లు గుడారంలా లేపుకుని పడుకున్నాను. అర్ధరాత్రి ఎక్కడో ఆపారు. దిగేవాళ్లకి బుట్టలో ఉమ్మడి రబ్బరు చెప్పులు పెట్టారు. వెళ్లొచ్చి, చీకట్లో కింద తడిమి, చేతికి తగిలిన సంచిని తల దగ్గరకి లాక్కున్నాను.

ఏడింటికి చేరాల్సిన బస్సు నాలుగున్నరకే చేరింది. క్లీనర్ కాలు పట్టి ఊపి “హ్వే, హ్వే” అన్నాడు. నిద్రమత్తులో దిగాను, బస్సు దనాంగ్ వైపు వెళ్లిపోయింది. సంచి విప్పితే గులాబీ రంగు లేడీస్ చెప్పులు. నా అరచేయంత ఉన్నాయి.

హైవే పక్కన మేజోళ్లతో నిలబడ్డాను. ముగ్గురు సే ఓంవాళ్లు చుట్టుముట్టారు. సే ఓం అంటే అక్కడి బైకు టాక్సీ, మాటకి మాట అర్థం చెప్పాలంటే కావలించుకునే బండి. ఒకతను రేటు ఫోన్లో 50000 అని కొట్టి చూపించాడు, వాళ్ల కరెన్సీ డాంగుల్లో. నేను 30000 కొట్టాను. అతను నా కాళ్ల వైపు ఒకసారి చూసి మళ్లీ 50000 కొట్టాడు. ఎక్కాను.

హోటల్ దగ్గర రెండు 20 వేల నోట్లు, ఒక పది వేలు లెక్కపెట్టి ఇచ్చాను. అతను ఒక నోటు వెనక్కిచ్చి వేలితో సున్నాలు చూపించాడు. అది 5 లక్షల డాంగ్ నోటు! రెండూ నీలమే, రెండిటి మీదా హో చి మినే. ఆ పెద్ద నోట్లు పర్సులో వేరే అరలో పెట్టుకోండి. బేరంలో తగ్గడు గానీ పొరపాటున ఇచ్చింది ఉంచుకోడు. అక్కడి మనుషుల గురించి నా అభిప్రాయం ఆ ఒక్కడితో స్థిరపడిపోయింది, ఎవరేమన్నా మార్చుకోను.

తెల్లారాక దోంగ్ బా మార్కెట్లో ఉన్నవాటిలోకెల్లా పెద్ద చెప్పులు కొన్నాను. మడమ బయటే ఉండేది.

రైలెక్కండి. హనోయ్ నుంచి హో చి మిన్ సిటీ దాకా 1,726 కిలోమీటర్లు, 1936లో పూర్తయిన మీటర్ గేజ్ లైను. ఒకే విడతలో వెళ్తే 30 గంటలు దాటుతుంది కాబట్టి ముక్కలుగా వెళ్లండి. హ్వే నుంచి దనాంగ్‌కి పగటి రైల్లో ఎడమ వైపు కిటికీ పట్టండి, హై వాన్ కొండ అంచున కింద సముద్రం కనిపిస్తూనే ఉంటుంది. ఊళ్లో అయితే గ్రాబ్ అనే యాప్‌లో బైకు పిలవండి. రేటు ముందే తెలుస్తుంది, హెల్మెట్ అతనే ఇస్తాడు. ఊరి పేర్లు నోటితో చెప్పే ప్రయత్నం చెయ్యకండి. ఆ భాషలో స్వరం మారితే మాటే మారిపోతుంది. నేను పదిసార్లు “హ్వే” అన్నా టికెట్ కౌంటర్లో ఆమెకి అర్థం కాలేదు. వాళ్ల లిపిలో గుర్తులతో సహా రాసి ఉన్నది ఫోన్లో చూపించండి.

గ్రూప్ టూర్లో బూట్లు పోవు, అంతవరకు ఒప్పుకుంటాను.

ఆ గులాబీ చెప్పులు హోటల్ రిసెప్షన్లో ఇచ్చి, బస్సువాళ్లకి ఫోన్ చేసి నా బూట్ల సంగతి కనుక్కోమన్నాను. అవతలామె చాలాసేపు నవ్వి ఫోన్ పెట్టేసిందట.