పోరాటంలో అదృశ్యమైతే దాక్కున్నట్టేనా?

కాదు, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాచికలతో ఆడే రోల్‌ప్లే ఆట ఐదో ఎడిషన్ 2014 రూల్స్‌లో అదృశ్యమయ్యాక కూడా దాక్కోవాలంటే విడిగా హైడ్ యాక్షన్ (మీ వంతులో దాక్కునే పని) వాడి స్టెల్త్ రోల్ (చప్పుడు లేకుండా నక్కే నేర్పుకి పాచిక) వెయ్యాల్సిందే. కనపడకపోవడం వేరు, ఎక్కడున్నారో తెలియకపోవడం వేరు. అడుగుల చప్పుడు, నేలమీది గుర్తులు మీ చోటు పట్టిస్తాయి కాబట్టి శత్రువు డిసడ్వాంటేజ్‌తోనైనా (రెండుసార్లు పాచిక వేసి తక్కువది తీసుకోవడం) సరే మీమీద దాడి చేయొచ్చు. ఉదాహరణకి మీ స్టెల్త్ 14 వచ్చిందనుకోండి, పాసివ్ పర్సెప్షన్ (పాచిక వెయ్యకుండానే చుట్టుపక్కల గమనించే స్కోరు) 9 ఉన్న గోబ్లిన్‌కి మీ జాడ తెలీదు, అదే 15 ఉన్న కాపలావాడు మాత్రం పసిగట్టేస్తాడు, ఎందుకంటే ఎవరి స్కోరుతో వాళ్లకి విడిగా పోల్చాలి.

చాలామంది పొరబడేది ఇక్కడే: ఒకసారి దాక్కుంటే ఫైట్ అయ్యేదాకా చెల్లుతుందనుకుంటారు. దాడి చేశారంటే, అది తగిలినా తగలకపోయినా, అదృశ్యంగానే ఉన్నా సరే, మీ చోటు బయటపడుతుంది. మళ్లీ దాక్కోవాలంటే మళ్లీ రోల్ వెయ్యాలి.