వయసైపోయిన హీరోకి ఏ కథ: పాలమూరు తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

నువ్వు పంపిన స్క్రిప్ట్ ఐడియా చదివాను. వయసైపోయిన బ్యాట్‌మన్ మీద సినిమా, దానికోసం కామిక్స్ నుంచి ఆరు కథలు తీసుకున్నావు, ఆరింటినీ కలిపి రెండున్నర గంటల్లో చెప్తానంటున్నావు. ఐదు తీసేయ్. ఏ ఐదు తీసేయాలన్నదే అసలు పని, ఈ ఉత్తరం అంతా దాని గురించే.

బ్యాట్‌మన్ 1939 నుంచి ఉన్నాడు. అయినా నెలనెలా వచ్చే సంచికల్లో ఆయనకు వయసు రానివ్వరు, ఎందుకంటే వచ్చే నెల సంచిక కూడా అమ్ముడుపోవాలి. 1992లో సూపర్‌మన్‌ని చంపారు, మరుసటి ఏడాదికే మళ్లీ తెచ్చారు. అందుకే ముసలి హీరో కథల్లో మంచివి చాలావరకు ఆ నెలనెలా సాగే కథకు బయట, రాబోయే ఏదో కాలంలో పెట్టి రాసినవే. 1986లో ఫ్రాంక్ మిల్లర్ రాసిన ముసలి బ్యాట్‌మన్ కథ ‘ది డార్క్ నైట్ రిటర్న్స్’ అలాంటిది, 1996 నాటి ‘కింగ్‌డమ్ కమ్’ అలాంటిది, 2008లో మొదలైన ‘ఓల్డ్ మ్యాన్ లోగన్’, అంటే చేతుల్లోంచి ఉక్కు గోళ్లు తీసే వోల్వరిన్ ముసలితనం కథ, కూడా అంతే. అక్కడ రచయితకు జరిగిన నష్టాన్ని జరిగినట్టే ఉంచే స్వేచ్ఛ ఉంటుంది. సినిమాకి కావాల్సింది అదే, ఎందుకంటే సినిమా ఒక చోట అయిపోవాలి.

తర్వాత ఒక్కో కథనీ ఇలా పరీక్షించు: ఇందులో ముసలాయన్ని తీసేసి పాతికేళ్ల కుర్రాణ్ని పెడితే కథ నడుస్తుందా? నడిస్తే అది నీకు పనికిరాదు, ఎంత పేరున్న కథైనా సరే. తల నెరవడం, మోకాళ్ల నొప్పి, ఇవన్నీ మేకప్ వాళ్లు చూసుకుంటారు. చాలా ఏళ్లు బతికిన మనిషి మాత్రమే తీసుకోగల నిర్ణయం ఆ కథలో ఉండాలి.

ఈ విషయంలో 2017 ‘లోగన్’ సినిమాని కామిక్ పక్కన పెట్టుకుని చదువు, దయచేసి తొందరపడకుండా చదువు. కామిక్‌లో దుర్మార్గులు దేశాన్ని పంచుకుని ఏలుతుంటారు, హల్క్ మనవళ్లు అద్దె వసూలు చేస్తుంటారు, చూపు పోయిన హాకై అనే పాత విలుకాడు హీరోతో కలిసి లోగన్ దేశం ఈ చివర నుంచి ఆ చివరికి బండిలో పోతాడు. సినిమాలో లోగన్ తప్ప వీళ్లెవరూ లేరు. హల్క్‌ని వాడుకునే హక్కు ఆ స్టూడియోకి లేదు, అది ఒక కారణం. కానీ వాళ్లు ఏం మిగుల్చుకున్నారో చూడు: గోళ్లు బయటికి తీయడానికి ఇష్టపడని ఒక అలసిపోయిన మనిషి, తప్పించుకోలేని ఒక ప్రయాణం. ఇంకో మార్పు ఉంది, నాకు చాలా ఇష్టమైనది. కామిక్‌లో మోసపోయి సొంతవాళ్లందరినీ చంపుకున్నది లోగన్. సినిమాలో ఆ పాపం, నేరుగా చెప్పకుండానే, లోగన్‌కి గురువులాంటి, ఇప్పుడు జబ్బుపడ్డ చార్లెస్ మీదికి వెళ్తుంది, లోగన్ ఆ పెద్దాయనకు మందులిస్తూ, ఎత్తుకుని మోస్తూ కనిపిస్తాడు. సంఘటన మారింది, బరువు మారలేదు. ఆ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ నామినేషన్ వచ్చిందంటే ఊరికే రాలేదు.

దీనికి ఎదురుగా 2016లో వచ్చిన ‘బ్యాట్‌మన్ వర్సెస్ సూపర్‌మన్’ పెట్టుకో. మిల్లర్ పుస్తకంలోని కొట్లాట, సూపర్‌మన్ చావు, రెండూ ఒకే సినిమాలో. పుస్తకంలో ఆ ఇద్దరికీ ఏళ్లనాటి పరిచయం ఉంది, సూపర్‌మన్ సర్కారు చెప్పినట్టు వింటున్నాడు, బ్యాట్‌మన్ వినడు, అందుకే కొడుతుంటే మనకు నొప్పి పుడుతుంది. సినిమాలో వాళ్లకు ఒకరి సంగతి ఒకరికి సరిగా తెలియనే తెలియదు. నీ స్క్రిప్ట్‌లోనూ ఇంటర్వెల్‌కి ఇదే జరుగుతోంది, చూసుకో.

పుట్టుక కథ కూడా వద్దు. చిన్నప్పటి బ్యాట్‌మన్ కళ్లముందే అమ్మానాన్నల్ని సందులో కాల్చే సీన్ నువ్వు రాయకపోయినా జనానికి తెలుసు. మన దిక్కు కిన్నెర వాద్యం మీద పాలమూరు వీరుడు పండుగ సాయన్న కథ పాడేటప్పుడు ఆయనెవరో వినేవాళ్లకు ముందే తెలుసు, పాడేవాళ్లకు ఆ సంగతీ తెలుసు, కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య పాట ఒకసారి విను. అంతగా తెలిసిన మనిషి గురించి చెప్పేటప్పుడు నీకు చాలా టైమ్ మిగులుతుంది, దాన్ని ఇప్పటి మనిషి మీద ఖర్చుపెట్టు.

పొడుగు కథే కావాలని కూడా లేదు. లోగన్ ఉండే ఎక్స్-మెన్ జట్టు కథ ‘డేస్ ఆఫ్ ఫ్యూచర్ పాస్ట్’ 1981లో రెండంటే రెండు సంచికల్లో అయిపోయింది. 2014 సినిమాకి అది చాలింది, కాలంలో వెనక్కి వెళ్లే మనిషిని మాత్రం ఆ జట్టులోని కిట్టీ అనే అమ్మాయి నుంచి వోల్వరిన్‌కి మార్చుకున్నారు. పన్నెండు సంచికల కథ తీసుకుంటే నీ టైమంతా కోయడానికే పోతుంది, ఊహించడానికి ఏమీ మిగలదు.

ఈ పాత్రల హక్కులు నీవి కావు, నావీ కావు, కాబట్టి దీన్ని ఎవరికీ అమ్మలేవు. అయినా రాయి. ఇంత తెలిసిన మనిషిని చేతిలోకి తీసుకుని ఏది వదిలేయాలో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సాధన నాకు కనిపించలేదు.

ఆరింటిలో మిల్లర్ కథ ఉంచమంటాను, అందులోనూ పదేళ్లు మానేసిన యాభై ఐదేళ్ల మనిషి మళ్లీ బయటికి వచ్చే మొదటి రాత్రి, పదమూడేళ్ల క్యారీ అనే పిల్ల ఆయన వెంట నడవడం, ఈ రెండే. పిల్లని వెంట తీసుకుపోవడానికి ఆ మనిషి ఎందుకు ఒప్పుకున్నాడో నీ మాటల్లో నాలుగు పేజీలు రాయి, సీన్ ఆర్డర్ తర్వాత వేసుకుందాం. ఆ పేజీలు నల్లగొండకి పంపు, చదివి ఫోన్ చేస్తా.

నీ అన్న