రాగిని కుప్రోనికెల్‌కు నేరుగా వెల్డింగ్ చేయవచ్చా?

చేయవచ్చు, కుప్రోనికెల్ అంటే రాగి, నికెల్ కలిసిన మిశ్రమలోహమే. రాగి, నికెల్ ఏ పాళ్లలోనైనా ఒకదానిలో ఒకటి పూర్తిగా కలిసిపోతాయి కనుక, ఆర్గాన్ వాయువు రక్షణలో టిగ్ పద్ధతిన (టంగ్‌స్టన్ కడ్డీ కొన నుంచి వచ్చే విద్యుత్ మంటతో, అంటే ఆర్క్‌తో, లోహాన్ని కరిగించి) వేసిన అతుకులో పెళుసు పొర ఏర్పడదు.

చాలామంది కరిగే ఉష్ణోగ్రతల తేడా చూసి జంకుతారు గాని, అసలు చిక్కు వేడి పారే తీరులో ఉంది. రాగి 1085 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 70-30 కుప్రోనికెల్‌కు (70 శాతం రాగి, 30 శాతం నికెల్) 1170 దాటాలి. అయినా రాగి పది రెట్లకు పైగా వేడిని లాగేసుకుంటుంది కాబట్టి ముందు కరిగేది తరచూ కుప్రోనికెలే. అందుకే రాగి వైపును మాత్రమే ముందుగా వేడిచేసి, ఆర్క్‌ను అటే ఎక్కువగా నిలపాలి.

ఉదాహరణకు, శ్రీకాకుళం తీరంలో సముద్రపు నీటితో చల్లబడే బోటు ఇంజిన్ కూలర్‌లో కుప్రోనికెల్ గొట్టాన్ని రాగి రేకుకు అతకాలంటే 70-30 కుప్రోనికెల్ తీగనే పూరకంగా, అంటే అతుకులో కరిగించి నింపే లోహంగా, వాడాలి. గ్రీజు, రంగు మరకలు మిగలకూడదు. వాటిలోని గంధకం, సీసం అతుకును పగలగొడతాయి.

ఇత్తడి కడ్డీతో గ్యాస్ అతుకు వేస్తే చాలుననేది తరచూ వినిపించే అపోహ. శ్రీకాకుళం జిల్లాలోని బూడితి ఊరి ఇత్తడి పాత్రలు ఇంట్లో తరాలపాటు మన్నవచ్చు, అది వేరే సంగతి. ఉప్పునీటిలో మాత్రం ఇత్తడి అతుకులోని జింకు క్రమంగా కరిగిపోయి, పైకి చెక్కుచెదరనట్టే కనిపిస్తున్నా లోపల గుల్లబారిన రాగి మాత్రమే మిగులుతుంది.