టెక్ సందేహాలు: ‘రిజెక్టెడ్’ అనకుండా పాత్రను ఎలా దిద్దించాలి?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. డిగ్రీ చదువుతున్నాను. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో స్నేహితులం కలిసి ఒక తెలుగు రోల్‌ప్లే సర్వర్ (పాత్రల్లా మాట్లాడుతూ కథ ఆడుకునే గ్రూపు) నడుపుతున్నాం. అది కృష్ణ ఒడ్డున ఒక ఊహా నగరం. అందులో ఒక్కొక్కరిదీ ఒక్కో పాత్ర. ఆడాలనుకునేవాళ్లు ముందు గూగుల్ ఫామ్‌లో తమ పాత్ర వివరాలు పంపాలి. చాలామంది నాలుగు లైన్లు రాసి వదిలేస్తారు. ‘రిజెక్టెడ్, డీటెయిల్స్ చాలవు’ అని పెడితే మళ్లీ కనిపించరు. మొన్న ఒక అబ్బాయి ‘నాకు రాయడం రాదులే అన్నా’ అని వెళ్లిపోయాడు. ఆ రోజంతా మనసు బాగోలేదు. నొప్పించకుండా చెప్పే బాట్ (తనంతట తానే మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్) గానీ సెట్టింగ్ గానీ ఏదైనా ఉందా సార్?

జవాబు: బాట్ సంగతి తర్వాత చెబుతాను. మీరు పేరు తీసేసి పంపిన ఆ అబ్బాయి దరఖాస్తు మూడుసార్లు చదివాను. ‘పేరు రుద్ర. వయసు 21. అమ్మానాన్నలు లేరు. ఎవరికీ భయపడడు. కత్తి, తుపాకి, మంత్రం అన్నీ వచ్చు. రాత్రిళ్లు బ్యారేజీ మీద ఒక్కడే కూర్చుంటాడు.’ ఇంతే.

మొదటి ఐదు వాక్యాలూ మీకు వారానికోసారి వచ్చేవే. చివరిది అలాంటిది కాదు. ప్రకాశం బ్యారేజీకి ఒక గట్టున విజయవాడ, ఇంకో గట్టున తాడేపల్లి. 1957లో పూర్తయిన కట్టడం, 70 గేట్లు. రుద్ర ఇల్లు ఏ గట్టున? నీళ్ల వైపు చూస్తూ కూర్చుంటాడా, వచ్చేపోయే బండ్ల వైపా? వరదకు గేట్లన్నీ ఎత్తిన రాత్రి కూడా అక్కడే ఉన్నాడా? ఉంటే ఏం చూశాడు? వీటిలో ఒక్కదానికి జవాబు దొరికినా మీ సర్వర్‌లో నెల రోజుల కథ నడుస్తుంది. ఆ వాక్యం రాసిన పిల్లవాడికి రాయడం రాదని నేను ఒప్పుకోను. తన దగ్గర ఉన్నదేమిటో అతనికి ఎవరూ చూపించలేదు, అంతే.

నేనైతే ఇలా రాసేవాణ్ని:

‘రుద్ర రాత్రిళ్లు బ్యారేజీ మీద కూర్చోవడం మాకు నచ్చిందండీ. అక్కడికే ఎందుకు వెళ్తాడో ఒక పేరా రాయండి. ఒక మార్పు మాత్రం తప్పదు. అన్ని విద్యలూ వచ్చినవాడికి మిగతా పాత్రలతో పని పడదు. ఒకటి ఉంచుకుని మిగతావి తీసేయండి. అతనికి చేతకాని పని ఒకటి చెబితే, అది నేర్పే పాత్రను మేం చూస్తాం. ఆదివారం లోపు పంపండి, అదే రోజు చదువుతాను.’

ఇందులో అడిగినవి రెండే. పదకొండు తప్పులు కనిపించినా రెండే చెప్పండి, మిగతావి ఆడుతుంటే సర్దుకుంటాయి. మామూలు ఖాతాలో డిస్కార్డ్ మెసేజ్‌కు 2000 అక్షరాల హద్దు ఉంది. మీ సలహా దాన్ని తాకిందంటే సగం కొట్టేయండి. ఇంకోటి, అవతలివాళ్ల వయసు మీకు తెలియదు కాబట్టి ‘మీరు’, ‘అండీ’ వదలొద్దు. ‘ఏంటి బ్రో ఇది’ అని మీరు చనువుగానే అంటారు, కొత్తవాళ్ల చెవికి అది కసురుకున్నట్టే ఉంటుంది.

నియమం దగ్గర మాత్రం మెత్తదనం వద్దు. ‘నేను కొట్టగానే నువ్వు పడిపోయావు’ అని అవతలి పాత్రకు ఏమైందో కూడా తానే తేల్చేయడాన్ని గాడ్‌మోడింగ్ అంటారు. పడాలా, తప్పించుకోవాలా అన్నది ఆ పాత్ర ఆడేవాళ్ల హక్కు. అది చెప్పేటప్పుడు చేదుమందుకు బెల్లం చుట్టినట్టు ముందో పొగడ్త, వెనకో పొగడ్త పెడితే అసలు మాట అందదు. సూటిగా చెప్పి, కారణం ఒక్క వాక్యంలో రాయండి.

‘అమ్మానాన్నలు లేరు’ అన్న లైను చూసి ‘మళ్లీ అనాథేనా’ అని గ్రూపులో నవ్వుకోవడం దయచేసి మానేయండి. డిస్కార్డ్‌లో 13 ఏళ్లు నిండిన పిల్లలూ ఉంటారు. ఆ లైను ఎవరి జీవితంలోంచి వచ్చిందో మనకు తెలియదు.

ఇక సెట్టింగులు. మీ ఫామ్ చూశాను. పేరు తర్వాత వెంటనే ‘శక్తులు ఏమిటి?’ అని అడిగారు. అలా అడిగితే శక్తుల జాబితాయే వస్తుంది, తప్పు వాళ్లది కాదు. దాన్ని చివరికి జరిపి, పైన ‘ఈ పాత్రకు ఈ రోజు ఏం కావాలి? దానికి ఎవరి సాయం కావాలి?’ అని పెట్టండి. కింద ఒక నమూనా జవాబు ఇవ్వండి. జవాబుకు హద్దులు పెట్టే ‘రెస్పాన్స్ వాలిడేషన్’లో కనీసం 500 అక్షరాలని పెట్టారు, అది తీసేయండి. దానివల్ల నింపుడు వాక్యాలు పెరుగుతాయి తప్ప పాత్ర పెరగదు. పైగా తెలుగులో ఆ లెక్కే వేరు. మనకు ఒక్క అక్షరంగా కనిపించే ‘స్త్రీ’, కంప్యూటర్లు అక్షరాలను లెక్కపెట్టే యూనికోడ్ పద్ధతిలో ఆరు సంకేతాలు.

జవాబులు అందరికీ కనిపించే ఛానెల్‌లో ఇవ్వకండి. ఫోరమ్ ఛానెల్ (ఒక్కో విషయానికి ఒక్కో పోస్టు ఉండే ఛానెల్) అయితే, అది చూడగలిగిన ప్రతివాళ్లూ ప్రతి పోస్టూ చదవగలరు. మామూలు టెక్స్ట్ ఛానెల్‌లో ప్రైవేట్ థ్రెడ్ (పిలిచినవాళ్లకే కనిపించే విడి సంభాషణ) తెరిచి ఆ ఒక్కరినీ పిలవండి. అది వాళ్లకూ సర్వర్‌ను చూసుకునే మోడరేటర్లకూ తప్ప కనిపించదు. దరఖాస్తు గూగుల్ డాక్‌లో ఉంటే కామెంట్లు పెట్టండి, వాక్యాలు మీరే తిరగరాయకండి. పాత్ర వాళ్లది. ‘రిజెక్టెడ్’ అనే మాట ఉన్నచోటల్లా ‘సవరణలో ఉంది’ అని మార్చండి.

బాట్‌కు ‘మీ దరఖాస్తు అందింది’ అని చెప్పే పని అప్పగించండి, చాలు. మిగతాది చదివిన మనిషే చెప్పాలి. వెళ్లిపోయిన ఆ అబ్బాయికి ఈ రోజే మెసేజ్ పెట్టండి. బ్యారేజీ గురించి అడగండి.

ప్రశ్న: మా చెల్లి ఇలాంటి సర్వర్‌కే దరఖాస్తు పెడితే, తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిందని తిప్పి పంపారు. తెలుగు టైపింగ్ దానికి రాదు. ఏం చేయాలి? (సత్యనారాయణపురం, విజయవాడ)

జవాబు: ఫోన్‌లో జీబోర్డ్ (గూగుల్ కీబోర్డు) ఉంటే సెట్టింగ్స్‌లో లాంగ్వేజెస్‌కు వెళ్లి తెలుగు కీబోర్డు చేర్చండి. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు వచ్చే లేఅవుట్ అందులోనే ఉంటుంది. అదీ కష్టమైతే మైక్ గుర్తు నొక్కి, తన పాత్ర గురించి మీకు చెబుతున్నట్టే తెలుగులో మాట్లాడమనండి. ఒత్తులు, పేర్లు అక్కడక్కడా తప్పు పడతాయి. పంపే ముందు పక్కన కూర్చుని ఒకసారి చదివి పెట్టండి.