పంటికీ ట్రేకీ మధ్య సందు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. క్లియర్ అలైనర్లు (పళ్లను సరిచేయడానికి ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పెట్టుకునే పారదర్శక ప్లాస్టిక్ ట్రేలు) వాడుతున్నాను, ఇప్పుడు తొమ్మిదో ట్రే. పై వరసలో కోరపన్ను పక్కనున్న చిన్న పన్ను అంచుకీ ట్రేకీ మధ్య సందు కనిపిస్తోంది. రోజుకు 17 గంటలు పెట్టుకుంటాను. ఆఫీసులో టీ తాగేటప్పుడు తీయడం మొహమాటం. ఎల్లుండి పదో ట్రేకి మారొచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మారకండి. ఒక్కో ట్రే పన్నును జరిపేది సుమారు పావు మిల్లీమీటరే. తొమ్మిదో ట్రే చెప్పిన చోటికి పన్ను రాకుండానే పదోది ఎక్కిస్తే సందు పెరుగుతుంది. అలా మూడు నాలుగు ట్రేలు గడిస్తే మళ్లీ స్కాన్ తీసి కొత్త ట్రేలు చేయించాల్సి వస్తుంది. ఎక్కువగా వెనకబడేది మీరు చెప్పిన పన్నే. చిన్నది కాబట్టి ప్లాస్టిక్కుకు పట్టు దొరకదు.

ముందుగా దాని మీద డాక్టరు అంటించిన చిన్న బొడిపె (అటాచ్‌మెంట్) ఉందో లేదో వేలితో తడిమి చూడండి. ఊడిపోయి ఉంటే తిరిగి అంటించుకోవాల్సిందే, ఇంట్లో ఏం చేసినా లాభం లేదు. ఉంటే మాత్రం తప్పు గంటల లెక్కలో ఉంది. 22 గంటలు ఉండాల్సిన ట్రే 17 గంటలే ఉంటే, మిగతా సమయంలో పన్ను వచ్చిన దారినే వెనక్కి పోతుంది. భోజనాలు, టీ, బ్రషింగ్ అన్నీ కలిపి రెండు గంటల్లో ముగియాలి. టీ మానక్కర్లేదు, టిఫిన్‌తో పాటే తాగేయండి.

ట్రే తీయకుండా టీ తాగితే ఇంకా నష్టం. వేడికి ప్లాస్టిక్ ఆకారం మారుతుంది, రంగు పడుతుంది. లోపల చిక్కిన చక్కెరను లాలాజలం కడగలేదు, పన్ను పుచ్చుతుంది. ట్రేని కూడా వేడి నీళ్లతో కాదు, చన్నీళ్లతో మెత్తని బ్రష్ పెట్టి కడగండి. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది.

ట్రేని పళ్లతో కొరికి ఎక్కించకుండా వేళ్లతో నొక్కి కూర్చోబెట్టండి. తర్వాత చూయీ (రబ్బరులాంటి చిన్న గొట్టం) సరిగ్గా ఆ పన్ను కింద పెట్టి కొరికి, అయిదు సెకన్లు పట్టి వదలండి. రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ అయిదు నిమిషాలు. తొమ్మిదో ట్రేనే ఇంకో వారం ఉంచండి. అప్పటికీ సందు పూడకపోతే ఫొటో తీసి డాక్టరుకు పంపండి.

ప్రశ్న: పెళ్లి భోజనాల్లో ట్రేని టిష్యూలో చుట్టి పక్కన పెట్టాను, ఎంగిలాకులతో పాటు ఎత్తేశారు. మార్చడానికి ఇంకా ఆరు రోజులుంది.
– ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ట్రేలు పోయేది చాలావరకు టిష్యూల్లోనే. ఈ రాత్రికే పాత ట్రే పెట్టుకోండి, నోరు ఖాళీగా ఉంచొద్దు. రేపు డాక్టరుకు ఫోన్ చేసి, పోగొట్టుకున్న ట్రే ఎన్ని రోజులు వాడారో చెప్పండి. దాదాపు పూర్తయి ఉంటే తర్వాతిది పెట్టమనొచ్చు. వాడింది కొద్ది రోజులే అయితే అదే మళ్లీ చేయిస్తారు. పాత ట్రే కాస్త బిగుతుగా అనిపించడం మామూలే. అసలు ఎక్కకపోతే బలవంతంగా నొక్కకండి, పగులుతుంది.