కర్రీ పాయింట్ తెరవబోతున్న శైలజకు

పెద వాల్తేరు,
విశాఖపట్నం.

చిరంజీవి శైలజకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఉద్యోగం మానేసి మధురవాడలో కర్రీ పాయింట్ పెడుతున్నావనీ, వచ్చే నెల మొదటి గురువారం పొయ్యి వెలిగిస్తున్నావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. చెబుతూ మధ్యలో ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ, ఆ తర్వాత చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంటి ఆడపిల్ల తన డబ్బుతో తానే ఒక దుకాణం తెరవడం ఇదే మొదటిసారి. అది తలుచుకుంటే నా గుండె నిండిపోతోంది. మీ అమ్మకున్న భయం నీ డబ్బు గురించి. నా భయం వేరు. నీ దగ్గర కూర కొనేవాళ్లు పండక్కి ఒకసారి వచ్చే చుట్టాలు కారు. రిషికొండ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు, వండుకునే తీరిక లేని దంపతులు, ఒంటరిగా బతుకుతున్న నా ఈడు వాళ్లు వారానికి ఐదారు రోజులు, ఏళ్ల తరబడి నీ చేతి కూరే తింటారు. వాళ్ల ఒంట్లోకి ఎంత ఉప్పు, ఎలాంటి నూనె వెళ్లాలో ఇకమీదట నిర్ణయించేది నువ్వు.

ఆహార భద్రత రిజిస్ట్రేషను చేయించుకోవడం, మంచి నీళ్లు వాడటం, వండేవాళ్లు చేతులు కడుక్కోవడం, నిన్నటి కూర ఇవాళ కలపకపోవడం నీకు తెలిసినవే. వేడి సాంబారు పలచటి ప్లాస్టిక్ కవరులో పోయవద్దు. గిన్నె తెచ్చుకున్న వాళ్లకు రెండు రూపాయలు తగ్గించు. వీటి గురించి ఇంతకంటే రాయను.

మీ పెదనాన్న సంగతి నీకు సగమే తెలుసు. మిగతా సగం ఇప్పటివరకు నేను ఎవరికీ చెప్పలేదు.

1988లో ఆయనకు నలభై ఒకటో ఏడు. పనిచేసే చోట ఏటా జరిపే వైద్య పరీక్షలో బీపీ 160/100 ఉందని తేలింది. డాక్టరుగారు ఒక మాత్ర రాసి, ఉప్పు తగ్గించమన్నారు. నేను ఇంటికి వచ్చి చాలా నిష్ఠగా, కూరలోనూ పప్పుచారులోనూ ఉప్పు ఒక్కసారిగా సగానికి తగ్గించాను. మూడో రోజు మధ్యాహ్నం ఆయన రెండు ముద్దలు తిని, పళ్లెం పక్కకు జరిపి, ఒక్క మాట అనకుండా చెయ్యి కడుక్కున్నారు. కోప్పడి ఉంటే నేనూ వాదించేదాన్ని. ఆ మౌనం మాత్రం చూడలేకపోయాను. ఆ రాత్రి పప్పుచారులోకి ఉప్పుచేప ముక్క వేయించి పెట్టాను. ఆయన తృప్తిగా తిని లేచారు. అప్పటినుంచి అదే మా ఇంటి పద్ధతి అయిపోయింది. కూరలో ఉప్పు తక్కువ. పళ్లెం అంచున మాత్రం ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ, ఎండు నెత్తళ్లు. కూర చప్పగా ఉంది కనుక అంచున పెట్టినవి రెట్టింపు తినేవారు. ఆవకాయ కలిపేటప్పుడు ఉప్పు, కారం, ఆవపిండి ఇంచుమించు సమంగా పోసేది నా చేతులతోనే కదా, అది ఉప్పు కాదని నేను ఎలా అనుకున్నానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. బడిలో పిల్లలకు సామాన్య శాస్త్రం చెప్పి, నల్లబల్ల మీద సోడియం క్లోరైడు అని రాసి వచ్చేదాన్ని. ఇంటికి వచ్చాక కూరలో తగ్గించిన ఉప్పునే లెక్కపెట్టుకునేదాన్ని. పైగా మాత్ర వేసుకుంటున్నారు కదా, అదే చూసుకుంటుందన్న ధీమా ఒకటి. బీపీకి నొప్పి ఉండదు, తల్లీ. ఆయన రోజూ పనికి వెళ్లేవారు, సాయంత్రం సముద్రం ఒడ్డున నడిచేవారు, నవ్వుతూ ఉండేవారు. మూత్రపిండాల్లోని సన్నటి రక్తనాళాలు ఆ ఒత్తిడికి ఏడాదికేడాది దెబ్బతింటున్నా బయటికి ఏమీ తెలియలేదు.

2005లో సాయంత్రమయ్యేసరికి ఆయన చీలమండలు ఉబ్బడం మొదలైంది, మూత్రంలో నురగ కనిపించింది. పరీక్ష చేయించేసరికి రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోయాయన్నారు. ఉప్పు ఒక్కటే కారణం కాదనీ, బీపీని క్రమం తప్పకుండా చూపించుకోకపోవడం కూడా ఉందనీ డాక్టరుగారు నన్ను ఊరడించారు; అది నిజమే కావచ్చు. ఆ తర్వాత వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు డయాలిసిస్. ఆకుకూర ఉడికించి నీళ్లు వంచేసి వండాలి. కొబ్బరినీళ్లు, అరటిపండు వద్దు. రోజుకు తాగే నీళ్లు గ్లాసుతో కొలిచి ఇవ్వాలి. మే నెల ఉక్కలో ఆయన ఇంకో అర గ్లాసు అడిగితే నేను లేదని చెప్పాను. 2009లో పోయారు. 1988 నుంచి 2005 దాకా గడిచిన ఆ పదిహేడేళ్లలో నాకు మళ్లీ మళ్లీ గుర్తొచ్చేది ఆ మూడో రోజు మధ్యాహ్నమే. ఉప్పు తగ్గిస్తే నాలుక దానికి అలవాటు పడుతుందనీ, అందుకు కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుందనీ నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. నేను ఆయన నాలుకకు ఇచ్చిన గడువు మూడు రోజులు.

అందుకే నీకు ఉప్పు గురించి ఇంత రాస్తున్నాను. మొన్న సంక్రాంతికి నువ్వు చేసిన వంకాయ కూర అందరూ మెచ్చుకున్నారు, కానీ అందులో ఉప్పు ఎక్కువ. నీది ఉప్పు చెయ్యి. అది మీ అమ్మమ్మ నుంచి నాకూ మీ అమ్మకూ వచ్చింది, మా నుంచి నీకు వచ్చింది. గుప్పిటతో ఉప్పు వేసే అలవాటు దుకాణంలో పనికిరాదు. గ్రాములు చూపించే చిన్న తూకం యంత్రం కొనుక్కో. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది. అంటే అన్నీ కలిపి, తల కొట్టిన ఒక చిన్న చెంచాడు. నువ్వు కిలో కూరకు 15 గ్రాముల ఉప్పు వేస్తే 200 గ్రాముల పొట్లంలో మూడు గ్రాములు వెళ్తుంది. పొద్దున తిన్న ఇడ్లీ చట్నీ, నీ దగ్గరే కొన్న చారు, ఇంట్లో ఉన్న పచ్చడి కలిస్తే ఐదు ఎప్పుడో దాటిపోతుంది. కిలోకు 8 గ్రాములతో ఆపగలిగితే అదే పొట్లంలో 1.6 గ్రాములే ఉంటుంది. నేను చేసినట్టు ఒక్కసారిగా తగ్గించవద్దు. మొదటి నెల 12తో మొదలుపెట్టి, కొన్ని వారాలకు ఒక గ్రాము చొప్పున దించుకుంటూ రా, ఎవరికీ చెప్పనక్కరలేదు. చింతపండు పులుపు, నిమ్మరసం, ఆవఘాటు, ఇంగువ బాగా పట్టిన చోట ఉప్పు లోటు అంతగా తెలియదు. ఆవ పెట్టిన పనసపొట్టు కూర మన జిల్లాల వాళ్ల చేతికే బాగా కుదురుతుంది, సింహాచలం కొండ పనస వచ్చే రోజుల్లో తప్పకుండా చెయ్యి. వేపుళ్లలో ఉప్పు చివర్న చల్లితే పైపైన ఉండి నాలుకకు వెంటనే తగులుతుంది, తక్కువతో సరిపోతుంది. పొట్లంతో పాటు ఉచితంగా అప్పడమూ ఊరగాయా ఇచ్చే పద్ధతి మాత్రం పెట్టవద్దు. నా మాట మీద గౌరవం ఉంటే ఈ ఒక్కటి వాదించకుండా విను.

సైంధవ లవణం వాడితే మంచిదని నీకు ఎవరైనా చెబుతారు. అదీ చాలావరకు సోడియం క్లోరైడే, పైగా అందులో మనం కొనే ఉప్పులో కలిపే అయొడిన్ ఉండకపోవచ్చు. సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు కూడా అంగళ్లలో దొరుకుతుంది. ఇంట్లో డాక్టరును అడిగి వాడుకునేవాళ్ల సంగతి వేరు. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో ఎవరి మూత్రపిండాలు దెబ్బతిన్నాయో నీకు తెలియదు, చాలాసార్లు వాళ్లకే తెలియదు. అలాంటివాళ్లకు ఆ పొటాషియం ప్రాణం మీదికి తెస్తుంది. మామూలు అయొడిన్ ఉప్పే తక్కువగా వెయ్యి. వంటసోడాలోనూ, పొట్లాల మసాలాల్లోనూ సోడియం ఉంటుంది. పొట్లం మీద సోడియం అని రాసిన అంకెను రెండున్నరతో హెచ్చిస్తే ఎంత ఉప్పుతో సమానమో తెలుస్తుంది.

నూనె విషయంలో నీకు వచ్చే ఒత్తిడి నాకు తెలుసు. వేపుళ్లు, బజ్జీలు బాగా అమ్ముడవుతాయి, మూకుడులో మిగిలిన నూనె పారబోయడానికి చెయ్యి రాదు. అదే నూనె మళ్లీ మళ్లీ కాగితే విరిగి, గుండెకూ రక్తనాళాలకూ చేటు చేసే పదార్థాలు పెరుగుతాయి. ఇలా పుట్టే పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 నుంచి నిబంధన పెట్టింది. నల్లబడి, నురగ కట్టి, వాసన వచ్చేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. చిన్న మూకుడు పెట్టుకుని ఆ పూటకు సరిపడా నూనే పోసుకో. మిగిలింది బయోడీజిలు కోసం కొనేవాళ్లకు ఇచ్చెయ్యి, మురుగులో పోయవద్దు. పామాయిలు చవక, కానీ అందులో సుమారు సగం సంతృప్త కొవ్వే. రోజూ తినేవాళ్ల కూరకు అది వద్దు.

అన్నం కూడా అమ్ముతావని విన్నాను. పగలంతా కుర్చీలో కూర్చునే పిల్లవాడికి పొలం పని చేసినవాడి అన్నం కట్టకు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాలనుంచి వచ్చేది 45 శాతం మించకూడదని చెప్పింది; మన పళ్లేల్లో అన్నమే కొండలా ఉంటుంది, కూర నంజుకోవడానికి ఉంటుంది. అన్నం పొట్లం చిన్నది చేసి, కూరా పప్పూ పెంచు. వారానికి రెండు రోజులు చోడి (రాగి) సంకటి పెట్టు. ఏజెన్సీ రాజ్మా మన రైతు బజారుకే వస్తుంది, దానితో కూర చెయ్యి. చేపల్లో వంజరం ఖరీదు గురించి బెంగపడకు. కవళ్లు, కానాగంతలు చవకగా దొరుకుతాయి, గుండెకు మేలు చేసే ఒమేగా-3 కొవ్వు వాటిలో దండిగా ఉంటుంది. వేయించకుండా పులుసు పెట్టు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు వేటకు వెళ్లవు కాబట్టి, ఆ రెండు నెలలకు గుడ్డు కూరలూ పప్పుకూరలూ ముందే ఆలోచించి పెట్టుకో.

మొదట్లో కొందరు చప్పగా ఉందంటారు. రెండు వారాలు అమ్మకం తగ్గినా తగ్గవచ్చు. అప్పుడు నీ చెయ్యి ఉప్పు డబ్బా వైపు వెళ్తుంది, నాకు తెలుసు. ఆ వేళ నాకు ఫోను చెయ్యి. ఎంత రాత్రైనా ఎత్తుతాను. మొదటి మూడు నెలల అద్దెకు నా పింఛనులోంచి కొంత పక్కన పెట్టాను, మీ అమ్మకు చెప్పకు, ఊరికే నొచ్చుకుంటుంది.

ఇంకొక్క సంగతి. దుకాణం పనుల మీద మీ నాన్న నెలరోజులుగా తిరుగుతున్నాడట, రాత్రిళ్లు ఆలస్యంగా తింటున్నాడట. ఆయనకు యాభై రెండు దాటాయి. బీపీ చూపించుకుని ఎన్నాళ్లయిందని మీ అమ్మను అడిగితే గుర్తులేదంది. ఈ ఆదివారం నువ్వే వెంట తీసుకెళ్లి చూపించి, పై అంకె, కింది అంకె రెండూ కాగితం మీద రాసుకుని సాయంత్రంలోగా నాకు చెప్పు. ఫోను దగ్గర పెట్టుకుని కూర్చుంటాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ