హవాయి బిగ్ ఐలాండ్‌లో ఆరు రోజులూ జీపే కావాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: డిసెంబర్‌లో బిగ్ ఐలాండ్‌కి ఆరు రోజులు వెళ్తున్నారు. మీరు, మీ ఆవిడ, ఐదేళ్ల బాబు, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, మొత్తం ఐదుగురు. అక్కడి మౌనకేయా కొండ శిఖరానికి ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి) లేకపోతే పంపరని ఎవరో చెప్పారు కాబట్టి ఆరు రోజులకీ నాలుగు డోర్ల జీప్ రాంగ్లర్ బుక్ చేద్దామనుకుంటున్నారు. డబ్బులు ఎక్కువైనా ఫర్వాలేదా అని అడిగారు.

నేను ఈ ద్వీపానికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి సరిగ్గా మీరు అనుకుంటున్న పనే చేశాను. అందుకే ఇంత పొడుగు జవాబు.

ముందు ఒక లెక్క చూడండి. మౌనకేయా ఎత్తు 13,803 అడుగులు. 9,200 అడుగుల దగ్గర విజిటర్ స్టేషన్ ఉంటుంది, అక్కడిదాకా తారు రోడ్డే, ఏ కారైనా ఎక్కుతుంది. అక్కడి నుంచి పైకి మాత్రమే ఫోర్ వీల్ డ్రైవ్ కావాలి. ఆ పై భాగానికి 13 ఏళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లొద్దని, గుండె, ఊపిరితిత్తుల సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు వెళ్లొద్దని స్టేషన్ దగ్గరే హెచ్చరిస్తారు. సముద్రమట్టం నుంచి రెండు గంటల్లో అంత ఎత్తుకి వెళ్లిపోతాం, పైన గాలిలో మనకి అందే ఆక్సిజన్ కింద ఉన్నదానికంటే దాదాపు 40 శాతం తక్కువ. అంటే మీ బాబు పైకి రాడు. మీ అమ్మానాన్నలకి బీపీ మందులు ఉన్నాయని మీరే రాశారు కాబట్టి వాళ్లూ రాకపోవడమే మంచిది. వాళ్ల డాక్టర్‌ని అడగకుండా మాత్రం అస్సలు వద్దు. మిగిలింది మీరిద్దరు. ఇద్దరు మనుషుల మూడు గంటల ప్రయాణం కోసం ఐదుగురు ఆరు రోజులు జీపులో కూర్చోవడం అవసరమా?

జీపులో కూర్చోవడం అంటే ఏంటో కూడా చెప్తాను. కోనా ఎయిర్‌పోర్ట్‌లో బండి తాళాలు చేతికి రాగానే నాకు ఉన్న ఉత్సాహం మా అమ్మ ముఖం చూడగానే పోయింది. చీర కట్టుకున్న మనిషి ఆ ఎత్తు ఎక్కడం ఎలా? పక్కన పట్టుకోవడానికి హ్యాండిల్ ఉంది గానీ అది యూనివర్సిటీ కుర్రాళ్లకి పనికొస్తుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కాదు. మొదటిరోజే దారిలో దుకాణంలో ఆగి ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొన్నాం. ఆగిన ప్రతిచోటా నేను దిగడం, డోర్ తీయడం, స్టూలు వేయడం, అమ్మ దిగాక స్టూలు తీసి వెనక పెట్టడం. వారం రోజులు అదే డ్యూటీ. వెనక సీటు వెనకాల జాగా రెండు పెద్ద పెట్టెలకే సరిపోయింది, మూడో పెట్టె మా ఆవిడ కాళ్ల దగ్గర. మా నాన్న అయితే, "మా ఊళ్లో జీపులో పదిహేను మంది ఎక్కేవాళ్లంరా, ఇదేం జీపు, నలుగురికి కాళ్లు పట్టట్లేదు" అని వారమంతా అన్నారు.

పైన గుడ్డ టాప్ ఉన్న బండి వస్తే ఇంకో మూడు ఇబ్బందులు. హైవే మీద ఆ చప్పుడుకి మాట వినపడదు. హిలో వైపు వెళ్తే వాన (అమెరికాలో బాగా వానలు పడే ఊళ్లలో హిలో ఒకటి). బీచ్ దగ్గర ఆపి వెళ్తే లోపలున్న సామానుకి తాళం అనేదే లేనట్టు. పర్యాటకుల కార్లలో దొంగతనాలు హవాయిలో కొత్త కాదు. పాస్‌పోర్టులు సీటు కింద పెట్టి పోకండి.

ఇక అసలు విషయం, నాకు మొట్టికాయ పడిన విషయం. మూడో రోజు సాయంత్రం స్టేషన్‌కి చేరాం. శరీరం ఎత్తుకి అలవాటు పడడానికి అక్కడ కనీసం అరగంట ఆగమంటారు. ఆ అరగంటలో అమ్మ తెచ్చిన పులిహోర తింటూ, ఏమీ తోచక మా ఆవిడ గ్లవ్ బాక్స్‌లోంచి రెంటల్ అగ్రిమెంట్ తీసి చదవడం మొదలుపెట్టింది. "ఇది చూశారా?" అని వేలు పెట్టి చూపించింది. తారు వేయని రోడ్ల మీద బండి నడపరాదు. నడిపితే తీసుకున్న డ్యామేజ్ వేవర్ (బండి దెబ్బతింటే ఆ ఖర్చు మన మీద పడకుండా కట్టే రక్షణ) చెల్లదు. జీప్ ఇచ్చింది వాళ్లే, జీపుని జీపులా నడపొద్దన్నదీ వాళ్లే! కౌంటర్‌లో ఆ మాట ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. సంతకం పెట్టింది నేనే కాబట్టి తిట్టుకోవాల్సింది కూడా నన్నే.

రేంజర్ బండి చూసి పంపించేవాడే, ఎందుకంటే ఆయన చూసేది బండి వెళ్లగలదా లేదా అని మాత్రమే. మన అగ్రిమెంట్‌లో ఏముందో ఆయనకి అనవసరం. కానీ పైన ఒక టైరు కోసుకుపోయినా, బ్రేకులు పోయినా టోయింగ్ దగ్గర్నుంచి రిపేరు దాకా అంతా మన నెత్తినే. క్రెడిట్ కార్డు ఇచ్చే రెంటల్ ఇన్సూరెన్స్‌లో కూడా సాధారణంగా ఆఫ్ రోడ్‌కి మినహాయింపు ఉంటుంది. మీ కార్డు కాగితాల్లో ఆ పదం కోసం వెతకండి.

మేం పైకి వెళ్లలేదు. స్టేషన్‌కి ఎదురుగా చిన్న గుట్ట ఉంటుంది, అది ఎక్కి సూర్యాస్తమయం చూశాం. మబ్బులు మనకంటే కింద ఉంటాయి, వాటి మీద ఎర్రటి వెలుగు. చీకటి పడ్డాక అమ్మానాన్నలకి పాలపుంత చూపించాను. చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసిన ఆకాశం ఇదే అని మా నాన్న చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. నిజం చెప్పాలంటే ఆ ట్రిప్‌లో వాళ్లకి బాగా గుర్తున్నది అదే. దానికి ఏ మామూలు కారైనా చాలు.

రెండోసారి నేనూ ఒక ఫ్రెండూ వెళ్లాం. ఈసారి తిరగడానికి మామూలు కారు, మౌనకేయా కోసం ఒక్క రోజుకి, శిఖరానికి వెళ్లొచ్చని అగ్రిమెంట్‌లోనే రాసి ఇచ్చే ఒక స్థానిక రెంటల్ దగ్గర ఫోర్ వీల్ డ్రైవ్. ద్వీపంలో అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు, రోజు అద్దె గట్టిగానే ఉంటుంది, ముందే బుక్ చేయాలి. అయినా వారం రోజుల జీప్ అద్దె కంటే మొత్తం మీద తక్కువే అయింది. బుక్ చేసేటప్పుడు అడగాల్సిన ప్రశ్న "ఇది ఫోర్ వీల్ డ్రైవా?" అని కాదు, "మౌనకేయా శిఖరం రోడ్డు మీద నడిపితే ఇన్సూరెన్స్ వర్తిస్తుందా, కాగితం మీద ఉందా?" అని. ఆల్ వీల్ డ్రైవ్ అని రాసి ఉన్న చిన్న ఎస్‌యూవీలతో మోసపోకండి. వాటిలో చాలావాటికి లో రేంజ్ గేరు ఉండదు, ఇక్కడ కావాల్సింది అదే.

ఎందుకంటే ఇబ్బంది ఎక్కడంలో కాదు, దిగడంలో. స్టేషన్ దాటాక సుమారు ఐదు మైళ్లు కంకర రోడ్డు, తర్వాత మళ్లీ తారు. ఆ కంకర మీద అడ్డంగా గీతలు గీతలుగా గట్లు కట్టి ఉంటుంది, రేకుల షెడ్డు కప్పు మీద బండి నడుపుతున్నట్టు దడదడలాడుతుంది. పక్కన రెయిలింగ్ ఉండదు. మన ఘాట్ రోడ్ల మీద పాత డ్రైవర్లు ఒక మాట అంటారు, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని. ఇక్కడా అంతే. ఫోర్ లోలో (అంటే ఆ లో రేంజ్ గేరులో) పెట్టి, ఒకటో గేరులో, ఇంజనే బండిని పట్టుకునేలా దిగాలి. అదేపనిగా బ్రేకు తొక్కితే కాలిన వాసన మొదలవుతుంది, ఆ తర్వాత తొక్కినా పట్టవు. మేం కిందకి వచ్చేసరికి స్టేషన్ దగ్గర రేంజర్ ఆపి, పిస్తోలు లాంటి థర్మామీటరు చక్రాల వైపు పెట్టి బ్రేకుల వేడి చూశాడు. మమ్మల్ని పంపేశాడు. మా ముందున్న బండిని పక్కకి పెట్టి చల్లారేదాకా ఆగమన్నాడు.

ఫోర్ లో వేయడం మీరు ఎప్పుడూ చేసి ఉండకపోతే స్టేషన్ పార్కింగ్‌లోనే ఒకసారి ప్రాక్టీస్ చేయండి. నేను బండి పూర్తిగా ఆపి లివర్ లాగితే కదల్లేదు. బలంగా లాగితే గరగరమని చప్పుడు, టెన్షన్. బండి నడక వేగం కంటే తక్కువగా దొర్లుతుండగా గేరు న్యూట్రల్‌లో పెట్టి లాగితే టక్కున పడింది. పొడిగా ఉన్న మామూలు తారు రోడ్డు మీద మాత్రం ఫోర్ వీల్ వేసి తిరగొద్దు, మలుపుల్లో బండి పట్టేసినట్టవుతుంది.

పైన చలి గడ్డకట్టించేలా ఉంటుంది. నేను మంకీ క్యాప్ పెట్టుకుంటే ఫ్రెండ్ నవ్వాడు, పావుగంట తర్వాత అడిగి తీసుకున్నాడు. సూర్యాస్తమయం అయిన అరగంటకల్లా శిఖరం ఖాళీ చేయాలి. శిఖరం మీదున్న టెలిస్కోపుల దగ్గర నుంచి ఇంకొంచెం ఎత్తుగా కనిపించే అసలు శిఖరం గుట్ట ఎక్కకండి. హవాయి మూలవాసులకి ఈ కొండ పవిత్రం, మంచు దేవత పోలియాహు నివాసం. కొండే దేవుడు అన్న మాట మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కదా. ఇంకోటి, స్కూబా డైవింగ్ చేస్తే 24 గంటలు గడిచేదాకా పైకి వెళ్లకూడదు. ప్లాన్‌లో ఆ రెండూ వెంటవెంటనే పెట్టొద్దు.

ఇదంతా ఎందుకు అనిపిస్తే, పర్మిట్ ఉన్న టూర్ వ్యాన్లు ఉన్నాయి. చలికోటు వాళ్లే ఇస్తారు, చీకట్లో దిగే పని మీకుండదు. నన్నడిగితే మీ ఇద్దరికీ అదే బెస్ట్. ఆ సాయంత్రం అమ్మానాన్నలు, బాబు హోటల్‌లో ఉంటారు.

మిగతా ద్వీపంలో ఫోర్ వీల్ ఎక్కడ కావాలంటారా? నిజంగా దాదాపు ఎక్కడా వద్దు. వోల్కనోస్ నేషనల్ పార్క్‌లో అందరూ తిరిగే ప్రధాన రోడ్లన్నీ తారు రోడ్లే. చెయిన్ ఆఫ్ క్రేటర్స్ రోడ్డు 3,700 అడుగులు దిగి సముద్రం దాకా వెళ్తుంది, గడ్డకట్టిన లావా మధ్యలోంచి. అదొక్కటి మాత్రం మిస్ కావొద్దు. కోనా నుంచి హిలోకి అడ్డంగా వెళ్లే సాడిల్ రోడ్డు మీద అద్దె కార్లు నడపకూడదని పాత రాతల్లో చదివి ఉంటారు. అది ఒకప్పటి మాట. రోడ్డంతా కొత్తగా వేశారు, 2013లో డేనియల్ ఇనోయే హైవే అని పేరు మార్చారు, ఇప్పుడు నున్నగా ఉంటుంది. కానీ మధ్యలో పెట్రోల్ బంకు లేదు, మౌనకేయా మీద కూడా లేదు. ట్యాంక్ నింపుకునే బయల్దేరండి.

వైపియో లోయలోకి దిగే రోడ్డు కోసం జీప్ తీసుకునేవాళ్లు ఉండేవాళ్లు. అతి నిటారుగా ఉండే ఆ రోడ్డుని 2022 ఫిబ్రవరి నుంచి బయటి పర్యాటకులకి మూసేశారు. పైనున్న లుకౌట్ నుంచి చూడొచ్చు, చాలు.

గ్రీన్ శాండ్ బీచ్ (పాపకోలేయా) సంగతి వేరు. దక్షిణ కొన దగ్గర కారు ఆపి సుమారు రెండున్నర మైళ్లు నడవాలి, రావడానికి అంతే. నీడ అన్నది లేదు, గాలి మనిషిని తోసేస్తుంది. జీపుతో వెళ్లొచ్చుగా అనిపిస్తుంది, వెళ్లొద్దు. ఆ భూమి హవాయి మూలవాసుల కోసం కేటాయించింది, అక్కడ పర్యాటకులు బండ్లు నడపకూడదు. బండ్లు తిరిగి తిరిగి నేల నడుము లోతు గాడులు పడిపోయింది. ఇసుక మాత్రం అచ్చం పెసల రంగు, ఆలివిన్ అనే ఖనిజం వల్ల. గుప్పెడు తెచ్చుకోవాలనిపిస్తుంది, తేవొద్దు. ఎండలో అంత దూరం అమ్మానాన్నలతో, ఐదేళ్ల పిల్లాడితో కుదరదు, మీరు దీన్ని వదిలేయడమే నయం.

అదే ట్రిప్‌లో పక్కనున్న మావీ ద్వీపం కూడా చూస్తామంటే, అక్కడా జీప్ అక్కర్లేదు. హానా రోడ్డు మలుపులకీ ఒంటి వరస వంతెనలకీ పేరు, కానీ తారు రోడ్డే. అక్కడి హలేయకలా కొండ మీద 10,023 అడుగుల శిఖరం దాకా తారే. ఫోర్ వీల్‌కి నిజంగా పని ఉన్నది లనాయి ద్వీపంలో, అక్కడ చూడాల్సిన చోట్లకి చాలావరకు మట్టి రోడ్లే.

కాబట్టి మీరైతే మినీవ్యాన్ తీసుకోండి. డోర్ పక్కకి జరుగుతుంది, అమ్మగారు మామూలుగా ఎక్కి కూర్చుంటారు, బాబు కార్ సీటు పడుతుంది, పెట్టెలన్నీ వెనక పడతాయి. ఏ బండైనా తీసుకున్న వెంటనే చుట్టూ వీడియో తీయండి, టైర్లు, అద్దం, కింద భాగం, స్టెప్నీ ఉందో లేదో. మేం జీప్ తిరిగి ఇచ్చేటప్పుడు తలుపు కింద గీత ఉందన్నారు. వీడియో ఉండబట్టి బతికిపోయాం.

డిసెంబర్‌లో పైన మంచు పడితే శిఖరం రోడ్డు మూసేస్తారు. అందుకే టూరైనా, ఒక్క రోజు ఫోర్ వీలైనా మొదటి రెండు మూడు రోజుల్లోనే పెట్టుకోండి, రద్దయితే ఇంకో రోజుకి జరపడానికి వీలుంటుంది. ఇంతకీ మీ ఫ్లైట్ కోనాలో దిగుతుందా, హిలోలోనా? బస ఎటువైపు? అది చెప్తే ఏ రోజు ఏది పెట్టుకోవాలో రాస్తాను.